మానసిక జబ్బున్న తమ్ముడి మీద కేసు: కోర్టులో ఏం అడగాలి?

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. తమ్ముడికి 4 ఏళ్లుగా స్కిజోఫ్రేనియా. మాత్రలు మానేసిన నెలలో, కాలవగట్టు మీద పక్కింటాయన చేతిమీద కొబ్బరి కత్తితో నరికాడు. ఆయనకి 11 కుట్లు పడ్డాయి, ఆయన కోపంలో తప్పులేదు. తమ్ముడు రిమాండ్‌లో ఉన్నాడు. మొన్న వాయిదాలో జడ్జిగారు పేరడిగితే ఫ్యాను వంక చూస్తూ ‘కాలవకి నీళ్లొదిలారా?’ అన్నాడు.

లాయరుగారేమో బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, నేరాలూ శిక్షల చట్టం) సెక్షన్ 22 ఉంది, మతిస్థిమితం లేక చేసింది నేరం కాదంటుంది, విచారణలో చూసుకుందాం అంటున్నారు. కానీ అది నేరం జరిగినప్పటి స్థితి గురించి కదా? ఇప్పుడు విచారణే అర్థం కానివాడికి బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చట్టం) సెక్షన్లు 367, 368 కింద డాక్టరు పరీక్ష చేయించాలని చదివాను. ఆ పిటిషన్ మేమే వేయాలా? పాత ఓపీ చీటీలు సరిపోతాయా? (సగం వానకి తడిసిపోయాయి.) 369 కింద ఇంటివాళ్ల పూచీ మీద వదులుతారా, విశాఖ మానసిక ఆసుపత్రికి పంపుతారా? ఈ లోగా జైల్లో మాత్రలు అందేలా ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి, వాయిదా వచ్చే గురువారమే.