రెండు రోజుల యువ నాయకత్వ శిబిరం: వెళ్లినవాళ్లు, నడిపినవాళ్లు చెప్పండి

వైనతేయ గట్టు (రాజోలు వైపు)
అందరికీ నమస్కారమండి. మా ఊరి గ్రంథాలయం తరఫున డిసెంబరు రెండో శని, ఆదివారాల్లో కుర్రాళ్లకి నాయకత్వ శిక్షణ శిబిరం పెడుతున్నాం. ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లు, చదువు ఆపేసి పనుల్లో ఉన్నవాళ్లు కలిపి 35 మంది. శనివారం పొద్దున్న మొదలై ఆదివారం సాయంత్రానికి అయిపోవాలి.

రెండేళ్ల కిందట ఒకసారి పెట్టాం. బయటి నుంచి ఒక వక్తని పిలిచాం. ఆయన బాగా మాట్లాడారు, పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సోమవారం చూస్తే ఎవరి ఫోన్లో వాళ్లున్నారు. ఆ ఖర్చంతా కొబ్బరి రైతుల దగ్గర ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన డబ్బు. మళ్లీ అలా చేయడానికి నాకు మనసొప్పడం లేదు. దిండిలో రిసార్టు తీసుకుందామని కొందరు, మా హైస్కూలు చాలని కొందరు అంటున్నారు. మీరు చూసినవాటిలో ఏది పనిచేసింది, ఏది చెడగొట్టింది, ఉన్నదున్నట్టు చెప్పండి.

పాలకొల్లు అమ్మాయి
నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఇలాంటి దానికి వెళ్లానండి. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. ముందు ఒక మాట. కరపత్రం చూసి ఆడపిల్లల్ని పంపరు. మా అమ్మ మూడే అడిగింది: రాత్రి ఎక్కడ పడుకుంటారు, బాత్రూమ్ తలుపుకి గడియ పడుతుందా, ఆదివారం పొద్దుపోతే ఎవరు దింపుతారు. మా తెలుగు మేడమ్ ఇంటికొచ్చి మూడింటికీ జవాబు చెప్పారు. నేనూ ఆ గదిలోనే పడుకుంటానన్నారు. అప్పుడు పంపారు. నేను వెళ్తున్నానని తెలిసి మా వీధిలో ఇంకో ముగ్గురిని పంపారు.

మొదటి రోజంతా మైకు మగపిల్లల దగ్గరే ఉంది. ఎవరూ లాక్కోలేదు, మేమే అడగలేదు. సాయంత్రం మేడమ్ పనులన్నీ చీటీలు వేశారు. నాకు రాత్రి భోజనాలు వచ్చాయి. 40 మందికి! టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఇంట్లో ఐదుగురికి మించి ఎప్పుడూ వండలేదు. వంటాయన దగ్గరికి వెళ్లి, "బాబాయ్, బియ్యం ఎన్ని పోయాలి?" అని అడిగాను. "ఆరు కిలోలు పొయ్యమ్మా, కుర్రాళ్లు కదా, తింటారు" అన్నాడు. కూరగాయలు తరగడానికి ఆరుగురిని పిలిస్తే నలుగురే వచ్చారు. మిగతా ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి రెండోసారి అడగడానికి పావుగంట తటపటాయించాను. అడిగితే వచ్చారు, అంతే. అందరూ తిన్నాక నేనూ వంటాయనా చివర్లో కూర్చున్నాం. పులిహోర అడుగంటా అయిపోయింది, మజ్జిగ అన్నమే తిన్నాం. ఆ భోజనం నాకిప్పటికీ గుర్తే.

మరుసటి రోజు మైకు నేనే అడిగి తీసుకున్నాను. నా స్నేహితురాలి చీటీలో జనరేటరు, లైట్లు వచ్చాయి. ఇప్పుడు తను ఎలక్ట్రికల్ డిప్లొమా. చీటీలు తప్పకుండా పెట్టండి. ఆడపిల్లకి వంట, మగపిల్లాడికి సౌండు అని ముందే రాసి పెట్టుకోకండి.

పెనుగొండ మాస్టారు
నేను కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ చూసేవాణ్ణి. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైన పథకం అది. దాని ప్రత్యేక శిబిరం ఏడు రోజులు. పిల్లల మధ్య మొహమాటం పోవడానికే రెండు రోజులు పట్టేది. మూడో రోజు పోట్లాడుకునేవాళ్లు, నాలుగో రోజు నుంచి పని సాగేది. మీకున్నవి రెండే రోజులు కాబట్టి ఉపన్యాసాలు బాగా తగ్గించండి.

1939లో అమెరికాలో కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ అనే ముగ్గురు ఒక అధ్యయనం ప్రచురించారు. పదేళ్ల వయసు మగపిల్లల్ని చిన్న క్లబ్బులుగా చేసి మాస్కుల తయారీ లాంటి పనులు ఇచ్చారు. ఒకచోట పెద్ద అన్నీ తానే ఆజ్ఞాపిస్తాడు. ఒకచోట పిల్లలతో మాట్లాడి నిర్ణయిస్తాడు. ఇంకోచోట ఏమీ పట్టించుకోకుండా వదిలేస్తాడు. పెద్ద గదిలోంచి బయటికి వెళ్లినప్పుడు ఏమవుతుందో చూశారు. ఆజ్ఞలతో నడిచే గుంపులో పని పడిపోయింది. మాట్లాడి నిర్ణయించుకున్న గుంపు పని చేసుకుంటూ పోయింది.

దీన్ని నేను మా శిబిరంలో కొబ్బరాకులతో చేయించాను. మూడు జట్లు, మూడు తడకలు అల్లాలి. ఒక్కో జట్టు పెద్దకి ఎలా ఉండాలో విడిగా చెప్పాను. అరగంటయ్యాక ముగ్గురినీ టీ తాగడానికి పిలిచి, మిగతావాళ్లని కిటికీలోంచి చూశాం. ఆజ్ఞలతో నడిచిన మొదటి జట్టు చేతులు ఆపేసి తలుపు వైపు చూసింది. ముగ్గురిలో ఆ జట్టు పెద్ద ఏమీ మాట్లాడలేదు. రాత్రి నా దగ్గరికొచ్చి "మాస్టారూ, ఇంట్లో తమ్ముడితో కూడా నేనిలాగే ఉంటాను" అన్నాడు. గంటన్నరలో అయిపోతుంది, ఖర్చు లేదు. ఆట అయ్యాక పిల్లల చేతే మాట్లాడించండి, అర్థం మీరు చెప్పకండి.

భీమవరం నాన్న
ఏది చెడగొట్టిందని కూడా అడిగారు కాబట్టి రాస్తున్నాను. మా అబ్బాయిని ఒక శిబిరానికి పంపాం. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం. రాత్రి పదకొండింటికి లైట్లు ఆపేసి, కొవ్వొత్తులు వెలిగించి, విషాదంగా సంగీతం పెట్టి, అమ్మానాన్నల్ని ఎలా బాధపెట్టారో అందరి ముందూ చెప్పమన్నారట. వాడు చిన్నప్పుడే వాళ్లమ్మని పోగొట్టుకున్నాడు. చెప్పలేక ఏడిస్తే, చూశారా మార్పు మొదలైంది అని మైకులో అన్నారట. ఇంటికొచ్చాక నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. నాతో చెప్పడానికి నెల పట్టింది.

పిల్లల్ని ఏడిపించి మార్చొచ్చని అనుకోకండి. మాట్లాడటం ఇష్టం లేదంటే ఒక్కసారికే వదిలేయండి. వెనక్కి పడితే పట్టుకునే ఆటలు కూడా వద్దు, మా వాడి పక్కవాడికి మణికట్టు విరిగింది. ఇంటికి ఫోన్ చేయాలంటే ఏ పూటైనా చేయనివ్వండి.

లంక రేవు (ముమ్మిడివరం వైపు)
పై మాట చదివి మనసు బాధపడిందండి. బాబుకి మా అందరి ఆశీస్సులు.

మీ శిబిరం గోదారి ఒడ్డున అయితే ఒకటి ముందే ఖాయం చేసుకోండి. స్నానానికి ఎవరూ దిగకూడదు. పైకి ఇసుక తిన్నెలాగే ఉంటుంది, పక్క అడుగులోనే గొయ్యి ఉంటుంది. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. ఈతొచ్చు అన్నవాడికి ముందు తొడగండి.

ఇక మేం చేసినది. 2022 జూలై వరదకి ఏటి మధ్యనున్న మా లంక మునిగింది. అంత నీరు వస్తుందని పెద్దవాళ్లే అనుకోలేదు, 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు తప్ప. అప్పుడు పడవలో ఎవరిని ముందు ఎక్కించాలో తేలక రేవులో గొడవ పడ్డాం. నీళ్లు తీశాక మా కుర్రాళ్లతో శని, ఆదివారాలు కూర్చున్నాం. స్కూలు గచ్చు మీద ముగ్గు పిండితో ఊరి పటం వేయించాం. ఏటిగట్టు, రేవు, గుడి, మెరక, పల్లం. ఏ ఇంట్లో మంచం పట్టినవాళ్లున్నారు, ఎక్కడ గర్భిణి ఉంది, ఎవరి పాకలో ఎన్ని గేదెలు, ఎవరి నావకి మోటారుంది. ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చారు. రేషన్ కార్డులో పేరు లేని ముసలమ్మ ఒకావిడ ఉందని అప్పుడే మాకు తెలిసింది.

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. భద్రాచలంలో అయితే నీటిమట్టం 43, 48, 53 అడుగులు. ఈ అంకెలు మా వాళ్లందరికీ నోటికొచ్చు. ఏ హెచ్చరికకి ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో పేర్లు రాసుకున్నారు. మొదటి హెచ్చరికకే గేదెలు గట్టెక్కుతాయి, రెండోదానికి మంచం పట్టినవాళ్లు. ఆ తర్వాత వరదొచ్చినప్పుడు రేవులో గొడవ లేదు. జాబితా పట్టుకున్నది 19 ఏళ్ల కొబ్బరి దింపు కుర్రాడు. మా సర్పంచి గారు కూడా వాడు చెప్పిన వరుసలోనే నిలబడ్డారు.

ఏటిగట్టు సైకిలు (ధవళేశ్వరం)
రిసార్టు వద్దండి. హైస్కూలో, తుపాను షెల్టరో చాలు. మిగిలే డబ్బుతో ఒక పూట బస్సు పెట్టి ఆనకట్టకి తీసుకురండి. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేయించారు. మ్యూజియం చూపించి, ఆయనతో పనిచేసిన వీణెం వీరన్న గారి గురించి తప్పకుండా చెప్పండి. వేలమంది కూలీలకి పని చెప్పి, కూలి ఇప్పించి, నిలబెట్టుకోవడమంటే ఎంత పనో పిల్లలు ఆలోచిస్తారు. మీ దారిలోనే పి.గన్నవరం అక్విడక్టు కూడా ఉంది, కాలువ ఏటి మీదుగా దాటడం చూస్తే కళ్లు విప్పార్చి చూస్తారు.

ఆత్రేయపురం వార్డు మెంబరు
నేను 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో గెలిచాను. నిలబడటానికి కావలసిన 21 ఏళ్లు నిండిన కొన్ని నెలలకే. అంతకుముందు వెళ్లిన శిబిరం వల్లే ధైర్యం వచ్చింది. అయితే నన్ను నిలబెట్టినవి ఆ రెండు రోజులు కావు, తర్వాతి మూడు నెలలు.

ఆదివారం సాయంత్రం సర్టిఫికెట్లు ఇవ్వలేదు. ఒక్కొక్కరం మన ఊళ్లో మూడు నెలల్లో చేయగల పని ఒకటి రాసి, చదివి వినిపించాం. పెద్ద పనులు రాస్తే సార్ వెనక్కిచ్చి తగ్గించమన్నారు. నేను మొదట "ఊరిని శుభ్రంగా మారుస్తాను" అని రాశాను. మూడుసార్లు వెనక్కొచ్చాక "మా వీధి చివర బోదె కాలువలో పూడిక తీయిస్తాను" అయ్యింది. గ్రామసభకి వెళ్లడం అదే మొదటిసారి. ఊరి ఓటరుగా నాకు మాట్లాడే హక్కుందని కూడా అప్పటిదాకా తెలియదు. అర్జీ రాసి గ్రామ సచివాలయంలో ఇచ్చి రసీదు అడిగాను. ఇవ్వలేదు, మరుసటి రోజు మళ్లీ వెళ్లాను. రెండో ఆదివారం సార్ ఫోన్ చేసి "ఎక్కడిదాకా వచ్చిందమ్మా?" అన్నారు. ఆ ఫోన్ లేకపోతే అక్కడే ఆపేసేదాన్ని. పూడిక తీయడానికి 50 రోజులు పట్టింది. మీ 35 మందికి ఫోన్ చేసే మనిషిని ఇప్పుడే చూసుకోండి. వక్త కన్నా ఆ మనిషి ముఖ్యం.

వైనతేయ గట్టు
అందరికీ చేతులెత్తి నమస్కారం. రాత్రి మా వాళ్లందరికీ చదివి వినిపించాను. హైస్కూలే ఖాయం చేశాం. వక్త లేరు. శనివారం తడకలు, చీటీలు. ఆదివారం పొద్దున్న ముగ్గు పటం, మధ్యాహ్నం పి.గన్నవరం దాకా బస్సు. లైట్లు పదింటికి ఆపేసి పడుకోబెడతాం. భీమవరం నాన్నగారూ, మీ మాట వల్ల ఒక కార్యక్రమం తీసేశాం. మా తమ్ముడు రాసుకున్నదే అది, తనే కొట్టేశాడు. ఫోన్లు చేయడానికి రిటైరైన పోస్ట్‌మాస్టర్ గారు ఒప్పుకున్నారు. ఆయనకి ఊళ్లో ప్రతి గడపా తెలుసు.

ఒక్క సందేహం మిగిలింది. హైస్కూల్లో ఆడపిల్లల బాత్రూములు రెండే, ఒకదానికి గడియ లేదు.

పాలకొల్లు అమ్మాయి
గడియ ఈ వారమే బిగించండి. రెండు సరిపోవు, పక్కింటివాళ్లని అడగండి. మా శిబిరంలో మేడమ్ అలాగే అడిగారు. ఆ ఇంటి మామ్మగారు మా అందరికీ పొద్దున్నే వేణ్నీళ్లు కాచి పెట్టారు.