ఫోర్ వీల్ డ్రైవ్ బండికి క్లచ్ ఇంటి దగ్గర మార్చుకోవచ్చునా?

మట్టిబాట:
నా ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ బండికి క్లచ్ అరిగిపోయినట్లున్నది. నాలుగో గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటరు తొక్కితే ఇంజను రొద పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు, ఆ వెంటనే కాలిన వాసన వస్తుంది. పెడలుకు ఉండవలసిన కొద్దిపాటి ఫ్రీ ప్లే ఉన్నది, పెడలు తొక్కితే క్లచ్‌ను విడిపించే స్లేవ్ సిలిండరు దగ్గర తడి లేదు, క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగు అడుగున ఆయిలు చుక్క కూడా కనబడలేదు కాబట్టి లోపం ప్లేటులోనే ఉన్నదని అనుకుంటున్నాను. బ్రేకులు, ఇరుసులకు బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు ఇదివరకు నేనే మార్చుకున్నాను. చదునైన సిమెంటు నేల, నాలుగు జాక్ స్టాండ్లు, ఒక ట్రాలీ జాకీ ఉన్నాయి. ఈ పని ఇంటి దగ్గర చేయవచ్చునా? చేసేటట్లయితే గేర్‌బాక్సును, దాని వెనుక ఉండి బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసును కలిపి దించాలా, విడదీసి దించాలా?

పాత స్పానరు:
నిస్సందేహంగా చేయవచ్చు. క్లచ్ ప్లేటు, దాన్ని ఇంజను చివర తిరిగే ఫ్లైవీల్‌కు అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడలు తొక్కితే ఆ పట్టును వదిలించే రిలీజ్ బేరింగు మార్చడానికి ఎంతో సేపు పట్టదు. వాటి దాకా చేరుకోవడానికే రోజంతా పడుతుంది. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ముందు, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టుల ఫ్లాంజీల మీద గీత గీసి పెట్టుకుంటే తిరిగి ఉన్నవి ఉన్నట్లు కలపగలుగుతారు, లేకుంటే ఇదివరకు లేని అదురు మొదలయ్యే అవకాశం ఉన్నది. గేర్‌బాక్సును కింద నుంచి మోసే క్రాస్ మెంబరు విప్పే ముందు ఇంజను వెనుక భాగానికి విడిగా ఆసరా ఇవ్వండి. బెల్ హౌసింగు పై బోల్టులు మామూలుగా అందవు. గేర్‌బాక్సు తోకను కొద్దిగా దించితే ఇంజను వెనక్కు వాలి, పొడవైన ఎక్స్‌టెన్షను రాడ్డుకు అవి అందుతాయి, అయితే అలా వాల్చేటప్పుడు ఫ్యాను రేడియేటరు వైపు దేనికీ తగలకుండా, వెనుక గొట్టాలు, తీగలు బిగుసుకోకుండా చూసుకోవాలి. ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు: తప్పనిసరిగా విడదీయండి. రెండూ కలిస్తే బరువు 100 కిలోలకు చేరే బండ్లు ఉన్నాయి, పైగా ట్రాన్స్‌ఫర్ కేసు ఒక పక్కకు పొడుచుకొని ఉంటుంది కనుక ఆ బరువు జాకీ మీద సమంగా కూర్చోదు.

నల్లచేతులు:
విడదీయమనడం తప్పుడు సలహా. ఆ రెండింటి నడుమ ఉన్న సీలును కదిలించి, కొత్తది వేయకుండా తిరిగి బిగిస్తే గేర్‌బాక్సు ఆయిలు ట్రాన్స్‌ఫర్ కేసులోకి చేరుతుంది. ఒకదానిలో మట్టం తగ్గుతూ, మరొకదానిలో పెరుగుతూ ఉంటుంది, బయట ఒక్క చుక్క పడదు కనుక చాలాకాలం ఎవరికీ తెలియదు. అసలు ప్రశ్నకు వస్తే, ఇంటి దగ్గర వద్దనే చెబుతాను. నేను చేశాను. గేర్‌బాక్సును తిరిగి ఎక్కించేటప్పుడు అది జాకీ మీద ఒరిగి, దాని బరువంతా ఇన్‌పుట్ షాఫ్టు మీదుగా కొత్త ప్లేటుపై పడి, ప్లేటు నడిమి హబ్బు వంగింది. పెడలు పూర్తిగా తొక్కినా క్లచ్ విడవక, రివర్సు గేరు వేసిన ప్రతిసారీ గరగరమనేది. మొత్తం మళ్లీ దించవలసి వచ్చింది.

చూపరి:
ఒక రోజు పని అని చెప్పే వారెవరూ తుప్పు పట్టిన బోల్టులను ఆ లెక్కలో వేయరు.

పాత స్పానరు:
నల్లచేతులు గారి హబ్బు వంగిన నేరం ఇంటిది కాదు, పద్ధతిది. రెండు పొడవైన బోల్టుల తలలు కోసి, వాటిని బెల్ హౌసింగు రంధ్రాలకు ఎదురుగా ఇంజను వైపు బిగిస్తే గేర్‌బాక్సు వాటి మీదుగా తిన్నగా జారుతుంది, బరువు షాఫ్టు మీద వేలాడదు. ప్లేటును అలైన్‌మెంటు టూలుతో నడిమికి తెచ్చిన తరువాతనే ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. షాఫ్టు స్ప్లైన్లు, అంటే దాని మీది నిలువు పళ్లు, ప్లేటు హబ్బులో కుదరకపోతే గేరు వేసి, వెనుక ఫ్లాంజిని చేత్తో కాస్త తిప్పితే కుదురుతాయి. వేలెడు ఖాళీ మిగిలింది కదా అని బోల్టులతో లాగితే హబ్బు వంగుతుంది, లేదా బెల్ హౌసింగు చెవి విరుగుతుంది. ఇంత చెప్పాక కూడా వర్క్‌షాపే మేలంటారా? ఒకప్పుడు నేనూ వర్క్‌షాపునే నమ్మి క్లచ్ మార్పించాను. నెల తిరగకముందే పెడలు తొక్కితే కూత మొదలైంది. దించి చూస్తే రిలీజ్ బేరింగు పాతదే, ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు అలాగే ఉన్నాయి, ప్రెషర్ ప్లేటుకు ఒక బోల్టు లేనే లేదు. అప్పటి నుంచి నా బండి కింద మరొకరి చెయ్యి పడనివ్వలేదు.

బేరింగుబాబు:
వాదం మధ్యలో ఒక జాగ్రత్త. పాత బండిలో ఎప్పటిదో తెలియని ప్లేటు ఉంటే దాని లైనింగులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక, బెల్ హౌసింగులోని పొడిని గాలితో ఊదవద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయండి. ఫ్లైవీల్ ఒకే ముక్క అయితే లేతు మీద చదును చేయించవచ్చు. నడుమ స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండే డ్యూయల్ మాస్ రకమైతే సాధారణంగా చదును చేయించరు. ఆ ముక్కల నడుమ ఆట పరిమితి దాటితే మార్చవలసిందే. ఇంత దూరం దించిన తరువాత క్రాంక్ షాఫ్టు వెనుక ఆయిల్ సీలును, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కొసను పట్టి ఉంచే పైలట్ బుష్షును పాతవే ఉంచడం పొదుపు అనిపించుకోదు.

నల్లచేతులు:
పాత స్పానరు గారు మళ్లీ పద్ధతి దగ్గరికే వెళ్లారు. ఆ తలలు కోసిన బోల్టుల సంగతి నాకూ తెలుసు, రెండోసారి అవే వాడాను. మొదటిసారి ఎందుకు వాడలేదో కూడా చెబుతాను: నేను ఇక్కడ అడిగిన రోజున వాటి గురించి ఎవరూ చెప్పలేదు. "ఓపిక ఉంటే ఒక్కడే చేసుకోవచ్చు" అని ఒక వాక్యం రాసి, ట్రాన్స్‌ఫర్ కేసు విడదీయడం గురించి మాత్రం పేజీ నింపారు. రాసినది మీరే, వెతికితే ఇప్పటికీ కనబడుతుంది. గేర్‌బాక్సు జాకీ మీద ఒరిగిందని పైన రాశాను గదా, అది ఒరిగి ఆగినది నా చేతి మీద. కుడిచేతి రెండు వేళ్లకు నేటికీ సరైన పట్టు లేదు. మీ వర్క్‌షాపు చేసిన తప్పు మీకు నెల తరువాత కూతగా వినిపించింది. నా తప్పు జరిగిన క్షణాన నేను దాని కిందనే ఉన్నాను, చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. ఎవరు పని బాగా చేస్తారని మీరు వాదిస్తున్నారు. పని చెడినప్పుడు మనిషి ఎక్కడ ఉంటాడని నేను అడుగుతున్నాను.

చూపరి:
ఇది వేళ్ల కథ అని ముందే తెలిస్తే నేను సీలు గురించి అంత శ్రద్ధగా చదివేవాణ్ని కాదు.

పాత స్పానరు:
వేళ్ల సంగతి మీరు ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఆ వాక్యం నాదే, కాదనను. రాసేటప్పుడు నా కళ్ల ముందు ఉన్నది నా షెడ్డు: అక్కడ పైదూలానికి చెయిన్ బ్లాకు ఉన్నది, నా బండికి క్యాబిను నేల పలకలు ఊడివస్తాయి, గేర్‌బాక్సు గొలుసుకు వేలాడుతూ ఉంటుంది గనుక దాని కింద నేను పడుకోవలసిన అవసరమే ఉండదు. నేల మీద వెల్లకిల పడుకొని, ఒక చేత్తో జాకీ పిడి, మరొక చేత్తో గేర్‌బాక్సు పట్టుకునే మనిషికి ఆ మాట వర్తించదని నాకు తట్టలేదు. నొచ్చుకోండి, అది న్యాయమే. కాని మట్టిబాట గారు చేయకూడదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను.

నల్లచేతులు:
ఒప్పుకోమని అడగలేదు. ఒక్కడే చేసుకోవచ్చని ఇంకెవరికీ రాయవద్దని అడుగుతున్నాను.

ఇరుసు:
మట్టిబాట గారూ, మీ బండికి చేతి బ్రేకు ఎక్కడ పట్టుకుంటుంది? వెనుక చక్రాలలోనా, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉన్న డ్రమ్ములోనా?

మట్టిబాట:
ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక డ్రమ్ములో.

ఇరుసు:
అయితే మిగతా వాదం కన్నా ముందు ఇది చదవండి. పాత లాండ్ రోవర్లలో ఉన్న ఏర్పాటు కూడా ఇదే. ఆ బ్రేకు చక్రాన్ని నేరుగా పట్టుకోదు, ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. వెనుక షాఫ్టు విప్పిన మరుక్షణం మీ చేతి బ్రేకు వెనుక చక్రాలను పట్టుకోదు, ముందు షాఫ్టు కూడా విప్పితే బండిలో దేనినీ పట్టుకోదు. గేరులో వేసి ఉంచినా ఫలితం అంతే, ఎందుకంటే ఇంజనుకూ చక్రాలకూ మధ్య సంబంధమే మిగలదు. షాఫ్టు విప్పకముందు కూడా ఒక వెనుక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపితే, డిఫరెన్షియల్ కారణంగా గాలిలో ఉన్న చక్రం ఒక వైపు తిరుగుతూ నేల మీది చక్రాన్ని రెండో వైపు తిరగనిస్తుంది, బండి జాకీ మీద నుంచి జారవచ్చు. కాబట్టి షాఫ్టు బోల్టు మీద స్పానరు పెట్టకముందే చక్రాలకు ముందూ వెనుకా దుంగలు అడ్డం పెట్టి, ఛాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద నిలిపి, బండిని గట్టిగా ఊపి చూడండి.

పాత స్పానరు:
ఇది నేను మొదటి జవాబులోనే రాయవలసిన విషయం. నా బండికి బ్రేకు చక్రాలలోనే ఉన్నది.

మట్టిబాట:
పదిహేను రోజుల తరువాత రాస్తున్నాను. పని పూర్తయింది. గేర్‌బాక్సును పట్టీతో కట్టివేసే వెడల్పు జాకీని అద్దెకు తెచ్చాను, మా బావ రెండు రోజులూ నాతోనే ఉండి, నేను కింద ఉన్నంతసేపు జాకీ పిడి తాను పట్టుకున్నాడు. లైనింగు పూర్తిగా అరిగి రివెట్ల తలలు ఫ్లైవీల్‌ను గీసేశాయి, అందువల్ల లేతు పని తప్పలేదు. పైలట్ బుష్షు దానంతట రాకపోతే దాని రంధ్రం నిండా గ్రీజు కూరి, సరిపడే లావు కడ్డీని సుత్తితో కొట్టాను. గ్రీజు ఒత్తిడికి బుష్షు వెనక్కు తోసుకొని వచ్చింది. తిరిగి ఎక్కించేటప్పుడు చివరి రెండు అంగుళాల దగ్గర గంటసేపు ఇరుక్కున్నాము గాని బోల్టులతో లాగలేదు. ట్రాన్స్‌ఫర్ కేసును విడదీయకుండా, కలిపే దించాను.

పాత స్పానరు:
సంతోషం. విడదీసి ఉంటే ఆ గంట మిగిలేది.

నల్లచేతులు:
విడదీయలేదు కనుక సీలు మిగిలింది.