డిస్‌లెక్సియాని ‘అక్షరాంధత్వం’ అనొచ్చా?

నిన్న అడిగినవారికి: తెలివికి లోటు లేకపోయినా చదవడం కష్టమయ్యే ఈ ఇబ్బందికి ఆ పేరు నాకైతే వద్దనిపిస్తుంది. ఈ గుడ్డితనం మాటలోకి ఎలా దూరిందో చెప్తాను.

1877లో జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ ‘పదాంధత్వం’ అన్నాడు. అది మెదడు దెబ్బతిని చదువు పోగొట్టుకున్న పెద్దవాళ్ల గురించి. పదేళ్లకి స్టుట్‌గార్ట్ కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ అలాంటి రోగుల మీదే రాసిన పుస్తకంలో ‘డిస్‌లెక్సీ’ అన్నాడు.

పిల్లల సంగతి 1896లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని సీఫర్డ్ డాక్టర్ ప్రింగిల్ మోర్గన్ 14 ఏళ్ల పెర్సీ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ కుర్రాడు 749ని 867తో చకచకా, తప్పు లేకుండా గుణించేశాడు. సొంత పేరు మాత్రం ‘ప్రెసీ’ అని రాసుకున్నాడు, ఒకటికి రెండుసార్లు చూపిస్తే గానీ పోల్చుకోలేదు. మన లిపిలో రాసి చూడండి, రేఫ కాస్త ముందుకి జరిగింది, అంతే. మా మేనల్లుడు ‘చక్రం’ని ‘చర్కం’ అని రాసేవాడు. మొద్దు వెధవ అని నేనూ అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తర్వాత ఇలాంటి పిల్లల్ని పట్టించుకున్న గ్లాస్గో హిన్షెల్‌వుడ్ కూడా కంటి డాక్టరే. పేరు కంటికే అతుక్కుపోయింది. తీరా తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, చాలామందికి చిక్కు చూపులో లేదు. మాటలోని ధ్వనుల్ని విడదీసి అక్షరాలకి జతచేయడంలో ఉంది.

—మరి డిస్‌లెక్సియా అంటే అర్థం ఏమిటండీ? తెలుగు చేసుకోలేమా?

గ్రీకు ‘డిస్’, మన ‘దుస్/దుర్’ ఒకే కుదురువి. ‘లెక్సిస్’ అంటే మాట. రెండూ కలిపి సంస్కృతంలో కడితే ‘దుర్వచనం’. పిల్లాడికి జబ్బు పేరు చెప్పబోయి తిట్టినట్టుంటుంది :)

—మా టెట్ పుస్తకాల్లో ‘అభ్యసన వైకల్యం’ అని ఉంది సార్.

అది వేరేనమ్మా, గొడుగు లాంటి మాట. లెక్కల్లో, రాతలో ఇబ్బందులూ దాని కిందికే వస్తాయి. ఇంగ్లీషులో ఆ మాటని (‘లెర్నింగ్ డిజబిలిటీ’) 1963లో షికాగోలో తల్లిదండ్రుల సభలో అమెరికన్ మనస్తత్వవేత్త శామ్యూల్ కిర్క్ ముందుకు తెచ్చాడు. చదవడం ఒక్కదానికే అయితే ‘పఠన వైకల్యం’ నయం. అయినా ‘వైకల్యం’ అనగానే అమ్మమ్మలు పిల్లాడి కాళ్లూ చేతులూ చూస్తారు. డాక్టరు కాగితం మీద డిస్‌లెక్సియా అనే ఉండనివ్వండి. ఇంట్లో ‘వాడికి చదవడం కష్టంగా ఉంది’ అంటే అందరికీ తెలుస్తుంది.