అర కిలో ఈస్ట్ ప్యాకెట్ విప్పాక ఎక్కడ పెట్టుకోవాలి?

గోదావరి గట్టు:
నమస్కారమండీ. మాది రాజమండ్రి. ఆదివారాలు ఇంట్లో పావ్, అప్పుడప్పుడు పిజ్జా చేస్తుంటాను. చిన్న ప్యాకెట్లు గ్రాము లెక్కన చూస్తే బాగా ఎక్కువ పడుతున్నాయని ఈసారి బేకరీ సామాన్ల షాపులో అర కిలో ఇన్‌స్టంట్ ఈస్ట్ కొన్నాను. దాని మీద గడువు ఇంకా చాలా ఉంది. కానీ విప్పాక కూడా అన్నాళ్లు ఉంటుందా? షాపాయన బయటే పెట్టుకోవచ్చన్నాడు, మా వదిన ఫ్రిజ్ అంటోంది, ఎవరో వీడియోలో డీప్ ఫ్రీజర్ అన్నారు. గడ్డకడితే ఈస్ట్ చచ్చిపోదా? పైగా వేసవిలో మాకు కరెంటు పోతూ ఉంటుంది. వారానికి 10 గ్రాములకు మించి వాడను.

విశాఖ ఓవెన్:
షాపాయన చెప్పింది విప్పని ప్యాకెట్‌కి సరిపోతుందండీ. గాలి మొత్తం లాగేసి సీల్ చేస్తారు కాబట్టే అది ఇటుకలా గట్టిగా ఉంటుంది. కత్తెర పెట్టగానే ‘సుయ్’మని గాలి లోపలికి వెళ్లి రవ్వలా పొడిపొడిగా అవుతుంది చూడండి, ఆ క్షణం నుంచి ప్యాకెట్ మీది గడువును నమ్ముకోకూడదు. గాలి, చెమ్మ, వేడి మూడూ ఈస్ట్‌కి పడవు. మన కోస్తాలో అన్నిటికన్నా చెమ్మే ప్రమాదం. నేను పెదవాల్తేరులో ఉంటాను, ఇంటి నుంచే బ్రెడ్ ఆర్డర్లు చేస్తాను. వానాకాలంలో మా ఇంట్లో ఉప్పు డబ్బా కూడా చెమర్చేస్తుంది, ఇక ఈస్ట్ సంగతి చెప్పాలా!

గడ్డకడుతుందని టెన్షన్ వద్దు. ఇన్‌స్టంట్ ఈస్ట్‌లో నీటి శాతం సుమారు 5 మాత్రమే. మంచు కట్టేంత నీరే లేదు కాబట్టి ఫ్రీజర్‌లో కూడా పొడిగానే ఉంటుంది, చెంచాతో నేరుగా తీసుకోవచ్చు. విప్పిన డ్రై ఈస్ట్ (మీ ఇన్‌స్టంట్ కూడా ఆ రకమే) ఫ్రిజ్‌లో 4 నెలలు, ఫ్రీజర్‌లో 6 నెలలు బాగుంటుందని తయారీదార్లు చెబుతారు. అది జాగ్రత్త కోసం చెప్పే లెక్క. చెమ్మ తగలనివ్వకపోతే ఫ్రీజర్‌లో ఏడాది దాటినా నా పిండి చక్కగా పొంగింది.

మీ వాడకానికి అర కిలో దాదాపు ఏడాది వస్తుంది. అందుకని రెండు భాగాలు చేయండి. నెలకు సరిపడా 40, 50 గ్రాములు మూత బిగుతుగా పట్టే చిన్న గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో లోపలివైపు పెట్టండి. డోర్‌లో వద్దు, తీసినప్పుడల్లా వేడిగాలి కొట్టేది అక్కడే. మిగతాది ఆ ప్యాకెట్‌లోనే ఉంచి, గాలి పోయేలా నొక్కి, గట్టిగా మడిచి, జిప్ కవర్లో వేసి ఫ్రీజర్‌లో పడేయండి. విప్పిన తేదీ రాసి అంటించండి.

అసలు చాలామందికి ఈస్ట్ ఎక్కడ పాడవుతుందంటే, చల్లటి సీసా బయట పెట్టి, మూత తీసి, పిండి కొలిచి, ఉప్పు కొలిచి, అప్పుడు ఈస్ట్ తీస్తారు. ఈలోపు చల్లటి గాజు మీద లోపలా బయటా నీళ్లు పడతాయి. పైన ఉన్న గింజలు ఆ తడి పీల్చుకుని ఉండలు కడతాయి. మిగతావన్నీ కొలిచేశాక, ఆఖరున సీసా తీసి, పొడి చెంచాతో కావలసినంత తీసుకుని, వెంటనే లోపల పెట్టేయండి. తీసిన చెంచాడు గిన్నెలో రెండు నిమిషాల్లో మామూలు వేడికి వచ్చేస్తుంది.

కొబ్బరి తోట:
మా అమ్మ ఉప్పులో నాలుగు బియ్యపు గింజలు వేస్తుంది, తడి పీల్చుకుంటాయని. ఈస్ట్ సీసాలో కూడా వేస్తే పోలా?

విశాఖ ఓవెన్:
దీనికి పనికిరాదండీ. బాగా ఎండిన బియ్యంలోనే 12 శాతం దాకా తేమ ఉంటుంది. ఈస్ట్ దానికన్నా ఎంతో పొడిది. రెండూ ఒకే సీసాలో ఉంటే బియ్యం తడి ఈస్ట్‌కి వెళ్తుంది తప్ప ఈస్ట్ తడి బియ్యానికి రాదు.

హాంబుర్గ్ తెలుగు:
ఇక్కడ జర్మనీలో సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో 42 గ్రాముల పచ్చి ఈస్ట్ దిమ్మలు దొరుకుతాయి. ఒక దిమ్మ కిలో మైదాకి, 7 గ్రాముల డ్రై ప్యాకెట్ అర కిలోకి అని లెక్క. పైన చెప్పిన ఫ్రీజర్ పద్ధతి పచ్చి ఈస్ట్‌కి అంత బాగా నప్పదు. దాన్లో 70 శాతం దాకా నీళ్లే, గడ్డకట్టి కరిగాక జారుడుగా అయిపోతుంది, కొంత బలం కూడా పోతుంది. మరీ మిగిలిపోతే ముక్కలు చేసి ఫ్రీజ్ చేస్తాను కానీ, ఫ్రిజ్‌లోనే ఉంచి రెండు వారాల్లో వాడేయడానికే చూస్తాను. బాగున్న దిమ్మ తుంచితే పెళుసుగా విరుగుతుంది. గోధుమ రంగు మచ్చలు, పుల్లటి కంపు వస్తే పారేయాల్సిందే.

గోదావరి గట్టు:
చాలా థాంక్సండీ, ఇవాళే రెండు భాగాలు చేసేస్తాను. మరి కరెంటు పోయినప్పుడో? ఇంకోటి, పాత యాక్టివ్ డ్రై ఈస్ట్ (ముందు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి వాడే రకం) ప్యాకెట్ ఒకటి రబ్బరు బ్యాండ్ వేసి పొయ్యి పైన అరలో ఉంది. వాడొచ్చా?

విశాఖ ఓవెన్:
కరెంటు నాలుగైదు గంటలు పోయినా డ్రై ఈస్ట్‌కి ఏమీ కాదు, కవర్ మాత్రం తెరవకండి.

పొయ్యి పైన అర అంటే ఆవిరి, వేడి రెండూ తగిలే చోటు. దాన్ని పరీక్షించకుండా పిండిలో కలపొద్దు. అర కప్పు నీళ్లు, వేలు పెడితే హాయిగా అనిపించేంత గోరువెచ్చగా చేసి, చెంచా పంచదార, చెంచా ఈస్ట్ వేసి కలిపి వదిలేయండి. నీళ్లు మరీ వేడిగా ఉంటే మంచి ఈస్ట్ కూడా చచ్చిపోయి, ప్యాకెట్టే పాడయిందనుకుంటారు. పది నిమిషాల్లో పైన మందంగా నురగ లేచి, పులిసిన వాసన వస్తే నిశ్చింతగా వాడండి. అక్కడక్కడ నాలుగు బుడగలే వస్తే కాస్త ఎక్కువ ఈస్ట్ వేసి, ఎక్కువసేపు పొంగనిచ్చి పిజ్జా లాంటి వాటికి వాడేయండి, పావ్‌కి మాత్రం వద్దు. అడుక్కి దిగి కదలకుండా ఉంటే మొహమాటం లేకుండా సింకులో పోసేయండి. కిలో మైదా, వెన్న, ఒక పూట కష్టం కన్నా ఆ ప్యాకెట్ ఖరీదు ఎక్కువేం కాదు.