రీవైండింగ్ షాపులో అప్రెంటిస్‌ను చట్టప్రకారం ఎలా చేర్చుకోవాలి?

మిర్యాలగూడలో మాకు మోటార్ల రీవైండింగ్ షాపు ఉంది. 6 మందిమి పనిచేస్తాం. పది పాసైన 16 ఏళ్ల అబ్బాయి పని నేర్పమని అడుగుతున్నాడు. నేను కాలిన కాయిల్ విప్పుతుంటే పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టి సుద్దతో గోడమీద రాస్తాడు. అలాంటి శ్రద్ధ నేర్పితే వచ్చేది కాదు. వాడిని కూలీగా వాడుకోవడం నాకు ఇష్టం లేదు, చివరికి చేతిలో సర్టిఫికెట్ ఉండాలి.

1961 అప్రెంటిసుల చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండితే చాలు, ప్రమాదకర పరిశ్రమల్లోనైతే 18 నిండాలి. 4 నుంచి 29 మంది ఉన్న సంస్థలు ఇష్టమైతేనే చేర్చుకోవచ్చు. అబ్బాయి మైనరు కాబట్టి ఒప్పందంపై సంరక్షకుడు సంతకం చేయాలి.

వార్నిష్, కరెంటుతో సాగే మా పనిని ప్రమాదకరంగా లెక్కిస్తారా? థియరీ పాఠాలు ఎక్కడ చెప్పిస్తారు? పక్కన ఓపెన్ ఇంటర్ చదవనిస్తారా? నల్గొండ జిల్లాలో ఇలా చేర్చుకున్న చిన్న షాపులవాళ్లు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.