గండికోటలో టెన్ స్టాప్ ఎన్‌డీతో నలుపు ఎర్రబారుతోంది: రూ. 3,000 లోపు ఏది కొనాలి?

ఫొటోలో పెన్నా నీళ్లు నునుపుగా రావాలని 67 ఎంఎం టెన్ స్టాప్ ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వచ్చే కాంతిని సుమారు వెయ్యో వంతుకు తగ్గించే నల్లద్దం) చవకలో కొన్నాను. ఎఫ్/8, ఐఎస్ఓ 100, ఫిల్టర్ లేకుండా షట్టర్ 1/60 సెకను. పెట్టాక 17 సెకన్లు. ఎక్స్‌పోజర్ సరిగ్గానే వస్తోంది. రంగే తేడా. గండికోట రాళ్లు ఎలాగూ ఎర్రనివే కాబట్టి ముందు పట్టుకోలేకపోయాను. ఒడ్డున పెట్టిన నల్ల బ్యాగు మాత్రం నేరేడు పండు రంగులో పడింది. ఫిల్టర్ ఉంచే తెల్లకాగితంతో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీశాను, వెనక నుంచి వెలుతురు రాకుండా వ్యూఫైండర్ మూశాను, రా (RAW) ఫైల్‌లో మెజెంటా తగ్గించాను. కాగితం తెల్లబడింది, బ్యాగు మారలేదు. ఇన్‌ఫ్రారెడ్ లీకే (కంటికి కనిపించని పరారుణ కాంతిని ఫిల్టర్ ఆపలేకపోవడం) అనుకుంటున్నా. అదే లెన్స్‌కు పోలరైజర్ ఒక్కటే పెడితే ఈ తేడా లేదు. వేరియబుల్ ఎన్‌డీ (తిప్పి నలుపు పెంచుకునే, తగ్గించుకునే రకం) వద్దు, 18 ఎంఎం దగ్గర ఆకాశంలో నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది.

మీరు వాడినవాటిలో, 3,000 లోపు, నల్లగుడ్డను నల్లగానే చూపించే 67 ఎంఎం టెన్ స్టాప్ ఫిక్స్‌డ్ ఎన్‌డీ ఏది?