రచన నేర్పడానికి మ్యూజియం, బజారు పనికివస్తాయా?

చిత్తుప్రతి: సృజనాత్మక రచన తరగతిని నేను అప్పుడప్పుడూ సాలార్‌జంగ్ మ్యూజియంలో నడుపుతాను. విద్యార్థులను మేలిముసుగు రెబెకా శిల్పం ముందు కూర్చోబెట్టి, పక్కనున్న వివరాల పలక చదవనివ్వకుండా, కనిపించినదే రాయమంటాను. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

గాజులబాట: పలక చదవనివ్వకపోవడమే లోపం. అది బెంజోనీ చెక్కిన పాలరాతి శిల్పమనీ, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి తెచ్చుకున్నారనీ, బైబిలు కథలో రెబెకా తనకు కాబోయే భర్త ఇస్సాకును చూసి ముసుగు వేసుకుందనీ తెలియని విద్యార్థి, ఆ ముసుగు చాటున ఏదో ఒక దుఃఖాన్ని కల్పించి రాస్తాడు. ఆ దుఃఖాన్ని మన సినిమాల నుంచే తెచ్చుకుంటాడు.

చిత్తుప్రతి: ముందే తెలిస్తే చూడడం మానేసి, పలకలోని వాక్యాలనే తిప్పి రాస్తారు. కిందటిసారి ఒక అమ్మాయి, అంత గట్టి రాయి ముక్కు మీద పొరలా పలచబడిన తీరు గురించే అర పేజీ రాసింది.

రెండో బెంచీ: ఏ చర్చ అయినా సరే, తరగతి శుక్రవారం పెట్టకండి. ఆ రోజు మ్యూజియానికి సెలవు.

గాజులబాట: నాకిది వేళాకోళం కాదు. ఇలాంటి తరగతి వారే ఒకసారి లాడ్‌బజార్ దగ్గర మా ఇంటికి వచ్చారు. మా అమ్మ బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, కడ్డీగా సాగదీసి, గాజుగా వంచి, వేడి ఆరకముందే రాళ్లు అద్దుతూ ఉంది. ఆవిడను ఎవరూ ఒక్క మాట అడగలేదు. తరువాత వారు అచ్చు వేసిన సంకలనంలో మా అమ్మ, కాలిన వేళ్లతో కన్నీరు మింగే తల్లి అయింది. ఆవిడ వేళ్లు కాలలేదు. తన పనితనం గురించి ఆవిడ చెప్పుకునే గొప్పలు మా వాడంతా ఎరుగును.

చిత్తుప్రతి: అది ఆ ఉపాధ్యాయుని తప్పు. దానికి నన్నెందుకు నిలదీస్తారు? ప్రతి మనిషి దగ్గరా అనుమతి తీసుకుని రాయాలంటే తెలుగులో కథలే మిగలవు.

గాజులబాట: అనుమతి తీసుకోమని నేను అనలేదండీ, అడిగి తెలుసుకోమన్నాను. రాయి నోరు విప్పదు కనుక దాని ముందు మీ పద్ధతి చెల్లుతుంది. ఎదుట కూర్చున్న మనిషిని కూడా అలాగే చూడమని నేర్పడమే నా అభ్యంతరం. పలక సంగతి మీ ఇష్టం.

చిత్తుప్రతి: మొదటి ప్రతి రాశాక వెళ్లి అడగమంటే ఒప్పుకుంటాను. ముందే అడిగితే ఎదుటివారు చెప్పిందే రాస్తారు.

గాజులబాట: ఆ మొదటి ప్రతికి మార్కులు వేసేది మీరే కదా? ఆ సంకలనంలో మొదటి బహుమతి మా అమ్మ కన్నీటికే వచ్చింది.